ఇబ్రహీమూ మనవాడే, పట్నమూ మనదే

ముస్లిం ఇంట్లో పుట్టి తెలుగులో నాలుగు ముక్కలు రాసిన ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. 'నువ్వు రచయితవా, ముస్లిం రచయితవా?' అడిగేవాళ్లంతా శత్రువులు కారు. 'ఇంత బాగా రాస్తావు, మతం పేరు తగిలించుకుని ఎందుకు చిన్నబోతావు?' అని ప్రేమగా మందలించేవాళ్లే ఎక్కువ. ఆ ప్రేమను శంకించనక్కర్లేదు. ప్రశ్నను మాత్రం శంకించాలి. శర్మగారినీ, రావుగారినీ, రెడ్డిగారినీ ఈ ప్రశ్న ఎవరూ అడగరు. వాళ్ల కథలో సంక్రాంతి వస్తే అది తెలుగువాళ్ల పండుగ. మన కథలో రంజాన్ వస్తే అది ముస్లిం కథ. వాళ్ల వంటింటి వాసన తెలుగుదనం, మన వంటింటి వాసన మతం. అందరికీ చెందిందని చెప్పుకునే సాహిత్యం నిజానికి కొందరిది. పేరు పెట్టుకోవలసిన అవసరం వాళ్లకు రాలేదు, మనకు వచ్చింది. తేడా అంతే.

మాది ఇబ్రహీంపట్నం. ఈ పేరు చెప్పగానే చాలామందికి హైదరాబాదు పక్కనున్న రంగారెడ్డి జిల్లా ఊరో, బెజవాడ పక్కనున్నదో గుర్తుకొస్తుంది. మాది మెట్‌పల్లి, కోరుట్లల పక్కన గోదావరి వైపు ఉన్న ఇబ్రహీంపట్నం. 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లా, ఆ తర్వాత జగిత్యాల జిల్లా. ఊరి గొప్ప చెప్పడానికి ఈ మాట ఎత్తలేదు, ఆ పేరు కోసం ఎత్తాను. ఇబ్రహీం అంటే బక్రీదునాడు ప్రతి ముస్లిం ఇంట్లో తలచుకునే ప్రవక్త. పట్నం మన తెలుగు మాట, తెలంగాణ పల్లెవాడు హైదరాబాదును పిలుచుకునే మాట. ఆ రెండూ కలిసి ఒక ఊరి పేరైతే, ఆ పేరు పలికే రైతు మధ్యలో ఆగి ఇక్కడిదాకా తురకమాట, ఇక్కణ్నుంచి తెలుగుమాట అని విడదీయడు. బస్సు బోర్డు మీద రాసినవాడూ విడదీయలేదు. విడదీయమని అడుగుతున్నది సాహిత్యంలోనే. రచయితను మాత్రమే 'నువ్వు ఇబ్రహీంవా, పట్నంవా, ఒక్కటి తేల్చు' అంటున్నారు. తేల్చనక్కర్లేదని చెప్పడానికే ఈ వ్యాసం.

తెలుగులో ముస్లింలు రాయడం కొత్త కాదు. పిఠాపురానికి చెందిన ఉమర్ అలీషా (1885-1945) పద్యం రాశాడు, నాటకం రాశాడు, ఉమర్ ఖయ్యాంను తెలుగు చేశాడు, సూఫీ తత్త్వాన్ని తెలుగు ఛందస్సులో పలికించాడు. ఆ రోజుల్లో ఆయన పాండిత్యాన్ని మెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అయితే ఆ మెప్పుకోలులో ఒక షరతు దాగి ఉంది. ముస్లిం అయి కూడా ఇంత చక్కని తెలుగా అన్న ఆశ్చర్యమే ఆ షరతు. ఈ 'అయి కూడా' అన్న మాట తర్వాతి తరాల్ని కూడా వెంటాడింది. ఆ తరం రచయితలు ఆ షరతుకు లోబడ్డారని వాళ్లను తప్పుపట్టడం సులువు, అది న్యాయం కాదు. అప్పటికి వాళ్ల ముందున్న దారి అదొక్కటే. పద్యం రాయగలనని నిరూపించుకోవడమే వాళ్ల అస్తిత్వ పోరాటం.

మార్పు 1991లో వచ్చింది. ఖాదర్ మొహియుద్దీన్ దీర్ఘ కవిత 'పుట్టుమచ్చ' వెలువడిన ఏడాది అది. బాబ్రీ మసీదు కూలింది 1992 డిసెంబరు 6న. అంటే మసీదు కూల్చివేతకు స్పందనగా ముస్లింవాదం పుట్టిందన్న మాట సగమే నిజం. కూల్చడానికి ముందే గాలిలో ఉన్న అనుమానాన్ని ఒక కవి పసిగట్టాడు. పుట్టకముందే మోపిన నేరం గురించీ, క్రికెట్ ఆట గెలుపోటములతో దేశభక్తిని తూచే తక్కెడ గురించీ ఆ కవిత మాట్లాడింది. అంతవరకూ ముస్లింల ఇళ్లలో గుసగుసగా ఉన్న మాట తెలుగులో బిగ్గరగా వినపడడం అదే మొదలు. ఒంటి మీద మచ్చ అని ఎదుటివాడు చూపించినదాన్నే కవి తన గుర్తుగా చేసుకున్నాడు. అస్తిత్వాన్ని స్వీకరించడమంటే ఇదే. లేని ఘనతను తగిలించుకోవడం కాదు, అవమానంగా అంటించినదాన్ని తలెత్తి తనదనడం.

ఈ ధైర్యం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు దళిత గొంతును కదిలించాయి. స్త్రీవాద కవిత్వం 'నీలిమేఘాలు' సంకలనంగా 1993లో వచ్చింది. దళిత కవిత్వం 'చిక్కనవుతున్న పాట'గా 1995లో వచ్చింది. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' వచ్చేనాటికి ఈ దారి కొంత తొక్కిన దారి. 'నా బతుకు నేనే చెబుతాను, నువ్వు నా తరఫున చెప్పొద్దు' అనే హక్కును ముస్లిం కవి దళితుడి దగ్గరా, స్త్రీ దగ్గరా నేర్చుకున్నాడు. ఈ అప్పును దాచుకోవడంలో గౌరవం లేదు, చెప్పుకోవడంలోనే ఉంది. మన ప్రేరణ ఎక్కడిది అని ఎవరైనా అడిగితే అరబ్బు దేశాల వైపు వేలు చూపించేవాళ్లు రెండువైపులా ఉన్నారు. మన వేలు మాత్రం కారంచేడు వైపు కూడా చూపించాలి.

'జల్‌జలా'లోని యాకూబ్ కవిత 'అవ్వల్ కల్మా'ను ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ముస్లిం అనగానే నవాబు, షేర్వాణీ, బిర్యానీ, గజల్ గుర్తుకొచ్చే తెలుగు పాఠకుడికి ఆ కవిత జాగీర్లూ మహళ్లూ ఎరగని ముస్లింను చూపించింది. దూది ఏకేవాడు, గాజులమ్మేవాడు, సున్నం కొట్టేవాడు, సైకిలు పంక్చర్ వేసేవాడు, ఊరి చివర గుడిసెలో ఉండేవాడు కూడా ముస్లిమే. ఇది హిందూ సమాజానికి మాత్రమే చెప్పిన మాట కాదు. తమను అష్రాఫులుగా చెప్పుకుంటూ, దూదేకులవాళ్లతో వియ్యమందని మన ఇళ్లకూ చెప్పిన మాట. పేరుకు ఒక్కటే జమాత్, పెళ్లి మాట రాగానే ఎవరి కులం వాళ్లది. ముస్లిం అస్తిత్వం అనేది లోపల పగుళ్లు లేని గోడ అని నటించినన్నాళ్లూ మన సాహిత్యం కరపత్రంగానే మిగులుతుంది. పగుళ్లను ముందుగా చూపించింది మన కవే కావడం మన సాహిత్యానికి దక్కిన గౌరవం.

'పుట్టుమచ్చ' బలం గురించి చాలామంది రాశారు. దాని పరిమితి గురించీ మాట్లాడుకోవాలి. ఆ కవితా, ఆ తర్వాత గుజరాత్ మారణకాండ మీద 2002లో వచ్చిన 'అజా' సంకలనంలోని కవితలూ ప్రధానంగా వాంగ్మూలాలు. వాంగ్మూలం ఇచ్చేవాడు బోనులో నిలబడి మాట్లాడతాడు. అతని ప్రతి వాక్యమూ ఎదుటివాడి ఆరోపణకు జవాబే. నేను ద్రోహిని కాను, పరాయివాణ్ని కాను, నా తాత ఇక్కడే పుట్టాడు అని చెప్పడం అవసరం. ఆ మాట అనలేని కాలంలో అన్నవాళ్లకు మనం రుణపడి ఉన్నాం. అయితే జీవితాంతం జవాబులే చెబుతూ పోతే మన బతుకులో ఏది రాయదగిందో ఎదుటివాడే నిర్ణయిస్తాడు. అతను అడగని సంగతులు మన సాహిత్యంలోకి రానేరావు. ఏ జడ్జీ మన నానీమా పాన్‌దాన్ గురించి అడగడు. ఫజర్ నమాజుకు లేచి పొయ్యి వెలిగించిన అమ్మీ ఆ చీకట్లో ఏమనుకుందో ఏ పోలీసూ అడగడు.

ఆ అడగని సంగతులను మొహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' (1999) చెప్పాయి. నెల్లూరు జిల్లా కావలి వైపు ఒక పేద ముస్లిం ఇంటి పిల్లవాడి గొంతులో, ఆ ప్రాంతపు తెలుగులో అవి నడుస్తాయి. ఆ కథల్లో ఎవరూ ఎవరికీ సంజాయిషీ ఇవ్వరు. అమ్మ తిడుతుంది, నాన్న అప్పు చేస్తాడు, పిల్లవాడు బడికి ఎగనామం పెడతాడు, పండుగకు కొత్త బట్టల కోసం ఏడుస్తాడు. చదివిన హిందూ పాఠకుడు ఇది మా ఇల్లే అనుకున్నాడు, ముస్లిం పాఠకుడు మా ఇల్లు మొదటిసారి అచ్చులో చూశాననుకున్నాడు. నామిని తన ఊరి యాసలో తన తల్లినీ తన మిట్టూరునూ కథలు చేసిన తర్వాత, తక్కిన ప్రాంతాల పిల్లలకు కూడా తమ ఇంటి భాషలో కథ చెప్పుకోవచ్చన్న ధీమా వచ్చింది. ఖదీర్‌బాబుకు దారి చూపినవి అరబ్బీ కితాబులు కావు, చిత్తూరు జిల్లా రైతుబిడ్డ వాక్యాలు. ప్రేరణకు మతం ఉండదనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

అయితే ఇక్కడొక ప్రమాదం ఉంది, అది రచయితది కాదు, పాఠకుడిది. సెక్యులర్ పాఠకుడు 'దర్గామిట్ట'ను ముద్దు చేసినంత తేలిగ్గా 'పుట్టుమచ్చ'ను ముద్దు చేయలేడు. నవ్వించే తురక పిల్లవాడు అతనికి ఇష్టుడు, నిలదీసే తురక యువకుడు కాడు. అందుకే అతను ఇది మంచి కథ, అది వాదం అని విభజిస్తాడు. ఖదీర్‌బాబు 'న్యూ బాంబే టైలర్స్' దాకా వస్తే ఆ విభజన నిలవదు. రెడీమేడ్ బట్టలు ఊళ్లోకి దిగాక చేతిపని తప్ప మరేం లేని దర్జీ ఏమవుతాడన్నది ఆ కథ. అందులో ముస్లిం బతుకూ ఉంది, మార్కెట్టూ ఉంది, కత్తెర పట్టినవాడి పౌరుషమూ ఉంది. ఏది వాదం, ఏది కథ అని విడదీసే కత్తెర మాత్రం ఎవరి దగ్గరా లేదు. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథ మరో ఉదాహరణ. కొడుకు శుక్రవారం నమాజుకు వెళ్లాలని పట్టుబట్టే తల్లి, 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక వెళ్లొద్దంటుంది. అందులో నినాదం ఒక్కటీ లేదు. ఆ తల్లి మాట మారడంలోనే దేశంలో వచ్చిన మార్పంతా ఉంది. వాంగ్మూలమూ ఇంటి ముచ్చటా ఒకే కథలో కలిసిపోతే ఎలా ఉంటుందో చూడాలనుకునేవాళ్లు ఆ కథ చదవాలి.

సలీం విషయం కూడా ఇక్కడ ఆలోచించదగింది. 2010లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆయన నవల 'కాలుతున్న పూలతోట' ఎయిడ్స్ రోగుల గురించి. అదే చేత్తో ముస్లిం జీవితం మీద 'వెండిమేఘం' రాశారు. ఒకటి రాసినందుకు రెండోదానికి అనర్హుడు కాలేదు. ముస్లిం రచయిత అనిపించుకుంటే ఇక ముస్లింల గురించే రాయాలన్న నియమం ఎవరూ పెట్టలేదు. అస్తిత్వం అంటే నిలబడే చోటు. అక్కణ్నుంచి ఎంత దూరమైనా చూడవచ్చు.

ఇక ఇంటి లోపలి మాట. షాజహానా 'నఖాబ్' (2005) వచ్చినప్పుడు మనవాళ్లలో కొందరు ఇబ్బంది పడ్డారు. బయట ఇన్ని దాడులు జరుగుతుంటే లోపలి లోపాలు బయటపెట్టాలా, దీన్ని శత్రువు వాడుకోడా అన్నారు. ఈ వాదన మనకు కొత్త కాదు. ప్రతి ఉద్యమంలోనూ ఆడవాళ్లకు ఈ మాటే చెప్పారు. ముందు పెద్ద శత్రువు సంగతి చూద్దాం, తర్వాత మీ సంగతి అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. బురఖా గురించీ తలాక్ గురించీ ముస్లిం స్త్రీ తన నోటితో తానే మాట్లాడకపోతే ఆ ఖాళీలో మాట్లాడడానికి ఇద్దరు సిద్ధంగా ఉంటారు. ఆమెను రక్షిస్తానని వచ్చే మతోన్మాది ఒకడు, ఆమెకు బదులు ఫత్వా ఇచ్చే పెద్దమనిషి ఇంకొకడు. ఇద్దరికీ ఆమె గొంతు అక్కర్లేదు. షాజహానా ఇద్దర్నీ ఒకే గొంతుతో ఎదుర్కొంది. నా దృష్టిలో ముస్లింవాద సాహిత్యానికి నైతికబలం వచ్చింది అక్కడే. తన ఇంటిని తానే ప్రశ్నించుకోలేని అస్తిత్వవాదానికి పొరుగింటిని ప్రశ్నించే అర్హత సగమే ఉంటుంది.

తెలంగాణ ముస్లిం సంగతి ఇంకాస్త చిక్కైనది. అతనికి రెండు భాషలున్నాయి, రెండింటిలోనూ అతను లోకువే. ఇంట్లో మాట్లాడే దక్కనీలో 'నక్కో', 'కైకు' వినగానే లక్నో ఉర్దూవాళ్లు నవ్వుతారు. బయట మాట్లాడే తెలుగు వినగానే కృష్ణా గుంటూరు జిల్లాలవాళ్లు నవ్వుతారు. రెండు చోట్లా శుద్ధత లేదంటారు. నిజమే, లేదు. శుద్ధత లేకపోవడమే మన ఆస్తి. ఆ మాటకొస్తే శుద్ధమైన తెలుగు ఎక్కడుంది? రైతు, జిల్లా, తహసీలు, అర్జీ, వకీలు, దస్తావేజు, ఖరీఫ్, రబీ - ఇవన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చి మన నోళ్లలో నానినవే. రైతు అన్న మాటే వాడకుండా తెలుగులో రైతు కవిత రాయమంటే ఎంతమంది రాస్తారు? మన అమ్మీ మాటల్ని కథలో పెడితే అర్థం కావడం లేదనే సంపాదకుడు, తన పొలం పట్టా ఏ భాషలోదో ఒకసారి ఆలోచిస్తే మంచిది.

మా పక్క జిల్లా సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నాడు. ఆ చదువు తెలుగు గజల్‌గా తిరిగొచ్చింది. 1988కి ఆయనకు జ్ఞానపీఠం వచ్చింది. దాశరథి కృష్ణమాచార్య గాలిబ్‌ను 'గాలిబ్ గీతాలు'గా 1961లో తెలుగు చేశాడు. వాళ్లను ఎవరూ మీకు ఇంత మంచి ఉర్దూ ఎలా వచ్చిందని అనుమానంగా అడగలేదు, మెచ్చుకున్నారు. మనమూ మెచ్చుకుంటాం. గాలిబ్ దాశరథివాడైనప్పుడు పోతన మనవాడు కాకుండా ఎలా పోతాడు? వేమన మనవాడు కాకుండా ఎలా పోతాడు? ప్రేరణల లెక్కలో ఒకరికి విశాలహృదయం, ఇంకొకరికి అనుమానం అంటే కుదరదు.

పీర్ల పండుగ సంగతి చూడండి. కర్బలాలో జరిగిన విషాదం మన ఊళ్లకు వచ్చేసరికి హసన్, హుసేన్‌లు ఆశన్న, ఊశన్నలయ్యారు. పీరును ఎత్తుకునేవాడు ఏ కులమైనా కావచ్చు, గుండం చుట్టూ ఆడేవాళ్లు ఎవరైనా కావచ్చు. పీరు దయవల్ల పుట్టాడని ఉసేనయ్య, పీరయ్య, ఫకీరయ్య అని పేర్లు పెట్టుకున్న హిందువులు పల్లెపల్లెనా ఉన్నారు. వేములవాడ రాజన్న గుడి ఆవరణలోని దర్గాకు కూడా మొక్కుకున్న తరాలు ఉన్నాయి. ఆ నిప్పుగుండం పేరు 'అలావా'నే ఒక ముస్లిం కవితా సంకలనానికి పేరుగా పెట్టుకోవడంలో ఔచిత్యం ఉంది. ఇప్పుడు ఇదంతా ఇస్లాం కాదని ఒకరు, ఇదంతా హిందుత్వం కాదని ఇంకొకరు పీర్లను రెండు వైపుల నుంచీ తరుముతున్నారు. మతశాస్త్రం వాళ్ల పని వాళ్లు చూసుకుంటారు. రచయితకు కావలసింది శాస్త్రం కాదు, జనం. జనం ఏడ్చిన చోటూ ఆడిన చోటూ అతనికి బావి లాంటివి.

రాయవలసింది రాయకుండా వదిలేసిన చోట్లు కూడా ఉన్నాయి. 1948 సెప్టెంబరు అలాంటి చోటు. రజాకార్ల దుర్మార్గం తెలుగు కథల్లో, నవలల్లో, సినిమాల్లో కావలసినంత ఉంది. ఉండాలి కూడా, అది జరిగింది కనుక. అయితే అదే ఏడాది ఆగస్టులో రజాకార్లు చంపింది 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను అన్నది ఎంతమందికి గుర్తుంది? అంతకు ముందు 1940లో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ప్రాణాలిచ్చిన షేక్ బందగీ కథ 'మా భూమి' నాటకానికి ప్రేరణ అయిందన్నది ఎంతమంది చెబుతారు? పోలీసు చర్య తర్వాత ముస్లింల మీద జరిగిన హింస గురించి సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. 2013లో అందుబాటులోకి వచ్చింది. తక్కువలో తక్కువ లెక్కవేసినా 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయి ఉంటారని ఆ కమిటీ అంచనా. ఎక్కువగా నష్టపోయినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. ఆ భయం అక్కడితో ఆగలేదు, తెలుగు జిల్లాల ముస్లిం ఇళ్లలో కూడా మౌనంగా స్థిరపడింది. ఆ విషాదం మీద 'యుగాంతం' లాంటి కథ రాసినవాడు నెల్లూరి కేశవస్వామి. ముస్లిం కానివాడు. ఆయనకు సలాం చేద్దాం. చేస్తూనే మన దాదీలు మనకు చెప్పకుండా దాచుకున్న కథలు మనం ఎందుకు అడగలేదని కూడా అడుగుదాం.

మా వైపు మాట చెబితే బీడీ ఉంది, గల్ఫ్ ఉంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల ఇళ్లలో ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టిన చేతుల్లో హిందూ ముస్లిం లెక్క లేదు. ఒకే అరుగు మీద కూర్చుని చుట్టారు, ఒకే దగ్గు దగ్గారు. మగవాళ్లు దుబాయికీ, మస్కట్‌కూ, సౌదీకీ పోయారు. ఉత్తరాలు రాయడం రాని అమ్మలు క్యాసెట్లలో ఏడుపును రికార్డు చేసి పంపిన కాలం ఒకటుంది. సౌదీ పోయిన ముస్లిం కుర్రవాడు అక్కడి షేక్‌కు తాను ఇస్లాం సోదరుణ్ని కాననీ, హిందీ కూలీననీ తెలుసుకున్నాడు. ఇక్కడ పాకిస్తాన్ పొమ్మంటారు, అక్కడ ఇండియావాడంటారు. ముస్లిం అస్తిత్వం గురించి ఇంతకంటే పెద్ద కథ ఉందా? రావలసినంతగా రాలేదు. ఆలిశెట్టి ప్రభాకర్‌ను కన్న జగిత్యాల నేల ఇది. ఆకలినీ నగరాన్నీ నాలుగు పంక్తుల్లో కోసి చూపించిన కవి నడిచిన వీధుల్లో ఆ కథలు ఇంకా రాసేవాళ్ల కోసం ఎదురు చూస్తున్నాయి.

కనుక కొత్తగా రాస్తున్న పిల్లలకు చెప్పేది ఒకటే. పేరు మార్చుకోకండి. అచ్చులో మీ పేరు చూసి ఎవరైనా కథ చదవడం మానేస్తే ఆ నష్టం వాళ్లది. పేరు ఉంది కదా అని కథను దాని మీదే నిలబెట్టకండి, పేరు కథకు బదులు కాదు. సంజాయిషీ చెప్పవలసినప్పుడు గట్టిగా చెప్పండి, చెప్పనక్కర్లేనప్పుడు మీ ఇంటి ముచ్చట చెప్పండి. అమ్మీ అన్న మాట అమ్మీ అన్నట్టే రాయండి. దళితుడి దగ్గర నేర్చుకున్నది దళితుడి దగ్గర నేర్చుకున్నామనీ, ఆడవాళ్లు నేర్పింది ఆడవాళ్లు నేర్పారనీ ఒప్పుకోండి. మన లోపలి కులాల్నీ, మన ఆడవాళ్ల మీద మన పెత్తనాన్నీ రాసే ధైర్యం చేయండి.

సెక్యులర్ మిత్రులకు కూడా ఒక మాట. మమ్మల్ని అల్లర్ల రోజున మాత్రమే గుర్తు చేసుకోకండి. ఖండన ప్రకటన మీద సంతకం పెట్టడం మంచిపనే, మా కథ చదవడం అంతకంటే మంచిపని. మీలాగే ఉన్నామని చెప్పినప్పుడే మమ్మల్ని ప్రేమిస్తే ఆ ప్రేమ మిమ్మల్ని మీరు ప్రేమించుకోవడమే. మీలా లేని చోట కూడా మేము ఈ నేల మనుషులమే, ఈ భాష మనుషులమే. ఆ చోటు నుంచి రాసినప్పుడే తెలుగు సాహిత్యంలోకి ఇంతవరకూ రానిది వస్తుంది.